డీజిలు బండికి దాహము, తాపము

తెల్లవారక ముందే మన వీధులలోనికి వచ్చు చిన్న సరకుల బండ్లను ఎరుగని గృహస్థు హైదరాబాదు నగరమున ఉండడు. మంచినీటి డబ్బాలు, కూరగాయల బుట్టలు, పాల పెట్టెలు, ఇల్లు మారువారి బీరువాలు, మంచములు, అన్నియు ఈ బండ్లపైననే ప్రయాణము చేయును. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన నాటినుండి ఆ చుట్టుపట్ల రాళ్లగుట్టల నడుమ ఒక క్రొత్త నగరమే వెలసినది. హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ వరకు వ్యాపించిన ఆ ప్రాంతమున అద్దాల మేడలలో పనిచేయువారికిని, వారు నివసించు హాస్టళ్లకును అన్నము, నీరు, సామాను చేరవేయునవి ఈ పికప్ బండ్లే. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత కిస్తీల మీద ఇట్టి బండి కొని, తానే యజమానియు, తానే డ్రైవరునై జీవించు కుటుంబములు తెలుగునాట ఎన్నో ఏర్పడినవి.

అట్టి కుటుంబములలో తఱచుగా వినవచ్చు ఫిర్యాదులు రెండు. "ఇదివరకు లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చెడిది, ఇప్పుడు తొమ్మిది దాటుట లేదు" అనునది మొదటిది. "బరువుతో ఫ్లైఓవరు ఎక్కునప్పటికి వేడి చూపు సూది ఎఱ్ఱగీతను అంటుచున్నది" అనునది రెండవది. మొదటి ఫిర్యాదుతో షెడ్డుకు పోయినవారికి ఇంజెక్టర్లు మార్పుమని సలహా దొరకును. రెండవదానితో పోయినవారికి రేడియేటరు మార్పుమని సలహా దొరకును. రెండును వేరు వేరు రోగములని తలచి, రెండు విధముల ధనము వ్యయపఱచి, బండి మాత్రము ఎప్పటివలెనే ఉండుట కలదు. నేటి ప్రసంగమున చెప్పదలచినది ఒక్క విషయము: దాహము, తాపము అను ఈ రెండును పెక్కు సందర్భములలో ఒకే రోగపు రెండు లక్షణములు. కావున వీనిని కలిపి పరీక్షింపవలెను. అదియును ఖర్చు లేని పరీక్షతో మొదలిడి, ఖర్చుగల దానితో ముగింపవలెను.

ఇది ఏల అట్లగునో తెలియుటకు డీజిలు ఇంజను పుట్టుకను కొంచెము స్మరింపవలెను. ఆవిరి యంత్రములు బొగ్గులోని శక్తిలో అధిక భాగమును వృథా చేయుట చూచి, వేడిని ఇంతకంటె పొదుపుగా పనిలోనికి మార్చు యంత్రము కావలెనని జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజెల్ సంకల్పించెను. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఆయన యంత్రమును పరీక్షించినప్పుడు ఇంధనశక్తిలో నూటికి సుమారు 26 పాళ్లు పనిగా మారినవి. ఆనాటికి అది గొప్ప విజయము. నేటి చిన్న పికప్ ఇంజను మంచి స్థితిలో, తగిన బరువుతో నడచునప్పుడు ఇంచుమించు మూడవ వంతు శక్తిని చక్రములకు అందీయగలదు. మఱియొక మూడవ వంతు పొగగొట్టము గుండా పోవును. మిగిలిన మూడవ వంతును ఇంజను చుట్టు తిరుగు నీరు, నూనె, గాలి మోసికొని పోవలెను. అనగా రూపాయి డీజిలులో అఱువది పైసలకు మించినది వేడియే. పని పాలు కొంచెము తగ్గినను, అదే పని చేయుటకు ఎక్కువ డీజిలు కాల్పవలసివచ్చును. ఆ ఎక్కువ డీజిలు వేడి రేడియేటరు మీదను, పొగగొట్టము మీదను పడును. దాహము తాపమును పుట్టించు విధము ఇదియే.

ఐతే తగ్గిన మైలేజీ అంతయు రోగము కాదు. కొంత దారి చేయు దోపిడి. ఒక చిన్న లెక్క చూడుడు. ఖాళీ రోడ్డుపై లీటరుకు 13 కిలోమీటర్లు నడచు బండి రోజుకు 60 కిలోమీటర్లు తిరిగినదనుకొందము. దానికి 4.6 లీటర్లు చాలును. కాని సిగ్నళ్ల వద్ద, లోడు దింపునప్పుడు, సాయంకాలపు రద్దీలో ఇంజను రెండు గంటలు ఊరకనే తిరిగినచో, గంటకు 0.6 లీటరు చొప్పున 1.2 లీటర్లు కాలిపోవును. రెండున్నర టన్నుల బండి 40 కిలోమీటర్ల వేగము అందుకొని మరల బ్రేకుతో ఆగిన ప్రతిసారి సుమారు 15 మిల్లీలీటర్ల డీజిలు, అనగా ఒక పెద్ద చెంచాడు, బ్రేకులలో వేడియై పోవును. అట్లు అఱువదిసార్లు ఆగినచో 0.9 లీటరు. మొత్తము 6.7 లీటర్లు. 13 ఇచ్చెడి బండి 9 కూడ ఇవ్వలేదు, కాని ఇంజనులో ఏ లోపమును లేదు! ఇట్టి బండికి ఇంజెక్టర్లు మార్చుట, కొండను త్రవ్వి ఎలుకను పట్టుట వంటిది. దీనికి మందు వేఱు. లోడు దింపునప్పుడు ఇంజను ఆపుట, ముందు సిగ్నలు ఎఱ్ఱగా కనిపించినప్పుడు దూరమునుండియే కాలు తీసి గేరులో మెల్లగా దొరలించుట, వీలైనంతవరకు రద్దీ గంటలు తప్పించి ట్రిప్పు కట్టుకొనుట.

కావున మొట్టమొదట కావలసిన పనిముట్టు పానా కాదు, నోటుపుస్తకము. ఇంటిలో పద్దులు వ్రాయువారు దీనిని సులభముగా నడుపగలరు. ఒకే బంకులో, ఒకే పంపు వద్ద, పైపు తానంతట తాను ఆగువరకు టాంకు నింపింపవలెను. మీటరులోని కిలోమీటర్లు వ్రాయవలెను. మరల నింపినప్పుడు పట్టిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు వ్రాయవలెను. ఇట్లు మూడు పర్యాయములు చేసి సగటు కట్టవలెను. ఒక్క టాంకు లెక్క నమ్మదగినది కాదు. ప్రక్కనే మూడు గడులు గీసి, మోసిన బరువు, ఇంజను ఊరక తిరిగిన గంటలు, పోసిన కూలెంటు వ్రాసినచో, ఆ పుట చూచిన మంచి మెకానిక్కునకు రోగములో సగము తెలిసిపోవును. దారి మారక, బరువు మారక, మైలేజీ మాత్రము 9 నుండి 8కి దిగినచో అప్పుడు బండిని అనుమానింపవలెను. ఈ ఒక్క కిలోమీటరు తేడాయే, రోజుకు 60 కిలోమీటర్లు తిరుగు బండికి నెలలో 26 పనిదినములకు 21 లీటర్లకు పైగా అగును.

బరువు సంగతి చూతము. ఇరువది లీటర్ల మంచినీటి డబ్బా, నీటితోను ప్లాస్టిక్కుతోను కలిపి, 20 కిలోలకు కొంచెము మించును. 750 కిలోలు మోయవలసిన చిన్న బండికి 36 డబ్బాలతో నిండు లోడు పూర్తియగును. అఱువది ఎక్కించినచో 1,200 కిలోలు దాటినది. ఆ బండి వేడెక్కినచో తప్పు రేడియేటరుది కాదు. ఇక చక్రములు. టైర్లలో గాలి, తలుపు అంచున ముద్రించిన లెక్క ప్రకారము, బండి చల్లగా నున్నప్పుడు చూడవలెను. బ్రేకు పట్టి విడువకుండుట మఱియొక దొంగ. కొంతదూరము తిరిగి ఆపిన తరువాత నాలుగు చక్రముల నడిమి భాగములకు చేయి తగిలింపక దగ్గఱగా పెట్టి చూచినచో, ఒకటి మాత్రము మిక్కిలి వేడిగా సెగలు గక్కుచుండిన, ఆ బ్రేకు గాని బేరింగు గాని చూపింపవలెను. అట్టి చక్రముతో బండి నడపుట, కాళ్లకు రాయి కట్టుకొని పరుగిడుటయే.

ఇప్పుడు తాపము. ఇందు అడుగవలసిన ప్రశ్న "ఎంత వేడెక్కును?" అనునది కాదు. "ఎప్పుడు వేడెక్కును?" అనునది. సమాధానమును బట్టి దారులు నాలుగు.

ఆగియున్నప్పుడు, రద్దీలో ప్రాకుచున్నప్పుడు సూది ఎక్కి, రోడ్డు ఖాళీయై వేగము అందుకొనగానే దిగినచో, లోపము గాలిలో ఉన్నది. పరుగులో గాలి తనంతట తాను రేడియేటరు గుండా దూరును. నిలిచినప్పుడు ఫ్యాను లాగవలెను. ఫ్యాను బెల్టు వదులైనదా, కరెంటు ఫ్యాను సమయమునకు తిరుగుచున్నదా, క్లచ్చిగల ఫ్యాను పట్టు కోల్పోయినదా చూడవలెను. ఇంజను ఆపినను కరెంటు ఫ్యాను హఠాత్తుగా తిరుగవచ్చును గనుక వ్రేళ్లు దగ్గఱకు పోనీయరాదు.

ఇందుకు విరుద్ధముగా, ఊరిలో బాగుగానే యుండి, ఔటర్ రింగ్ రోడ్డుపై వేగముగా పోవునప్పుడు వేడెక్కినచో, లోపము నీటిలో ఉన్నది. కూలెంటు తక్కువై యుండవచ్చును. రేడియేటరు గొట్టములు లోపల పూడి యుండవచ్చును. నీటి పంపు అరిగి యుండవచ్చును. పంపు లాగునప్పుడు క్రింది రబ్బరు గొట్టము మెత్తబడి అణగిపోవుచుండవచ్చును.

బరువుతో ఎక్కుడు ఎక్కునప్పుడు మాత్రమే వేడెక్కినచో, చల్లబఱచు శక్తికిని పుట్టు వేడికిని నడుమ మిగులు లేకున్నదని అర్థము. ఇందు పై కారణములన్నియు తలా పిడికెడు కలిసి యుండును. అధిక భారము, పట్టిన బ్రేకు, జారు క్లచ్చి, మూసికొన్న గాలి ఫిల్టరు, సమయము తప్పిన ఇంజెక్షను, వీనిలో ఏవియైనను కావచ్చును. దాహము, తాపము జంటగా కనిపించు ఘట్టము ఇదియే.

నాలుగవది విచిత్రమైనది. ఎంత తిరిగినను సూది మధ్యకు రాక, బండి ఎప్పుడును చల్లగా నుండి, డీజిలు మాత్రము త్రాగును. ఇది ఆరోగ్యము కాదు. నీటి దారిలో థర్మోస్టాటు అను చిన్న కవాటము ఉండును. ఇంజను 80 డిగ్రీలకు పైబడువరకు అది నీటిని రేడియేటరునకు పోనీయదు. వేడెక్కు బండికి ఈ కవాటమును పెరికివేయుట అనేక షెడ్లలో వాడుక. అప్పటికి సూది దిగినట్లు కనిపించును. కాని ఇంజను తగిన వేడి అందుకొనదు, నూనె చిక్కగా నుండును, డీజిలు చక్కగా కాలదు, అరుగుదల పెరుగును. అంతియ కాదు. కొన్ని ఇంజనులలో ఆ కవాటము లేనిచో నీటిలో కొంత భాగము రేడియేటరు ముఖము చూడకయే తిరిగి ఇంజనులోనికి పోవును. అట్టి బండి చలికాలమున చల్లగాను, వేసవిలో మునుపటికంటె వేడిగాను ఉండును. అనుమానము గలచో కవాటమును తీయించి, దారముతో కట్టి, గిన్నెలోని నీటిలో వ్రేలాడదీసి కాచుడు. నీరు మరగులోపల అది తెఱచుకొని, చల్లారగా మూసికొనినచో మంచిదే. లేనిచో క్రొత్తది వేయింపవలెను గాని, చోటు ఖాళీగా విడువరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువు మఱియొకటి కలదు. అది బోరు నీరు. హైదరాబాదు గ్రానైటు రాతిపై నిలిచిన నగరము. పెక్కుచోట్ల బావి నీరు, బోరు నీరు కఠిన జలము. స్నానపు నీరు కాచు గీజరులోను, పాత్రల అడుగునను తెల్లని పెచ్చు కట్టుట గృహిణులందఱు ఎరుగుదురు. రేడియేటరులో ఆ నీరే పోసినచో ఆ పెచ్చే ఇంజను లోపల కట్టును. వేడిని పంపుటలో ఈ పెచ్చు శక్తి అల్యూమినియముతో పోల్చిన నూరవ వంతునకు అటునిటుగా ఉండును. "ఇచ్చట నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందుకు?" అని కొందఱు అడుగుదురు. నిజమే, గడ్డకట్టదు. కాని కూలెంటు తుప్పును అడ్డగించును, పెచ్చు కట్టనీయదు, నీరు మరగు వేడిని పెంచును. కంపెనీ పుస్తకములో చెప్పిన రకమునే వాడవలెను. కలుపుకొనవలసిన రకమైనచో డిస్టిల్డు నీటితోనే కలుపవలెను. రెండు రంగుల కూలెంటులను కలుపరాదు.

రేడియేటరు మూత విలువ చాలమంది ఎరుగరు. సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో, తెఱచిన గిన్నెలో నీరు 98 డిగ్రీలకే మరగును. కాని కుక్కరులో ఆవిరిని బంధించుటచే నీరు 120 డిగ్రీల వరకు పోవును. రేడియేటరు మూతయు ఆ కుక్కరు బరువు వంటిదే. దాని రబ్బరు చెడి ఒత్తిడి నిలువనిచో, ఇంజను ఆరోగ్యముగా నున్నను నీరు ముందుగనే పొంగి పోవును. కొద్ది రూపాయల మూత మార్చుటతో తీరు రోగమునకు రేడియేటరు మార్చినవారు కలరు.

ఈ రోగములన్నియు ఏప్రిలు, మే నెలలలోనే బయటపడుటకు కారణము కలదు. రేడియేటరు విడువగల వేడి, నీటికిని గాలికిని గల తేడా మీద ఆధారపడును. నీరు 90 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఐనచో తేడా 65. గాలి 42 ఐనచో తేడా 48 మాత్రమే. అనగా చల్లబఱచు శక్తిలో నాలుగవ వంతు పోయినది. హైదరాబాదున 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు నమోదైనది. అట్టి దినములలో సగము పూడిన రేడియేటరు తన గుట్టు దాచుకొనలేదు. దీనికి తోడు క్రొత్త కట్టడముల దుమ్ము రేడియేటరు రెక్కల నడుమ చేరి గట్టిపడును. చలికాలము ముగియగనే, ఇంజను చల్లగా నున్నప్పుడు, లోపలినుండి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడిగింపవలెను. జోరుగా కొట్టినచో సన్నని రెక్కలు వంగిపోవును. బండి ముందు జాలికి అడ్డముగా బోర్డులు, గుడ్డలు కట్టుట కూడ మానవలెను.

ఇక దాహము వైపునకు వత్తము. ఇంజను ఊపిరి పీల్చు దారిలో గాలి ఫిల్టరు మూసికొన్నను, టర్బోనుండి గాలిని తెచ్చు రబ్బరు గొట్టము చీలినను, డీజిలు చాలినంత గాలి లేక అరకొరగా కాలును. లాగుడు తగ్గును, డ్రైవరు మఱింత త్రొక్కును. పాత బండ్లలో నల్లని పొగ దీనిని చాటిచెప్పును. పొగ రంగు నేర్చుకొనదగినది. నలుపు గాలి తక్కువకు, డీజిలు ఎక్కువకు గుర్తు. నీలము ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. వేడెక్కిన తరువాతను విడువని తెలుపు, కాలని డీజిలునకో, లోనికి కారుచున్న కూలెంటునకో గుర్తు. బయట ఎక్కడను కారక కూలెంటు తరుగుచు, డబ్బాలో బుడగలు లేచుచు, ఇంజను ఆయిలు మజ్జిగవలె మారినచో, హెడ్డు గాస్కెట్టు చెడినదని అనుమానించి ఆ బండిని ఆ క్షణమే ఆపవలెను.

2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట భారత్ స్టేజి ఆరు నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ తరువాతి డీజిలు పికప్ బండ్లలో పొగగొట్టమునందు మసిని పట్టు వడపోత ఉండును. మసి నిండినప్పుడు ఇంజను కొంత డీజిలు అదనముగా చిమ్మి, ఆ వడపోతను సుమారు 600 డిగ్రీల వరకు వేడిచేసి, మసిని కాల్చివేయును. ఈ పని సాగుటకు బండి కొంతసేపు నిలుకడగా పరుగెత్తవలెను. మాదాపూరు నుండి గచ్చిబౌలికి ప్రాకుచు ఆగుచు తిరుగు బండికి ఆ అవకాశము దొరకదు. మొదలిడిన పని మధ్యలో ఆగిపోయి, మరల మరల మొదలగును. మైలేజీ తరుగును, దీపము వెలుగును. కంపెనీ పుస్తకములో చెప్పిన ప్రకారము అప్పుడప్పుడు ఖాళీ రోడ్డుపై ఇరువది, ముప్పది నిమిషములు సమవేగముతో నడపుట దీనికి చికిత్స. ఆ సమయమున ఎండుగడ్డిపై బండి నిలుపరాదు. వడపోతను పగులగొట్టి తీసివేయుడను సలహాను మాత్రము వినరాదు. అది చట్టవిరుద్ధము, మన పిల్లలు పీల్చు గాలికి ద్రోహము.

చివరకు, ప్రాణముతో ముడిపడిన మాట. దారిలో సూది ఎఱ్ఱగీత చేరినచో ఏ.సీ. ఆపి, బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. ఆవిరి వచ్చుచున్నను, కూలెంటు కారిపోయినను ఇంజను వెంటనే ఆపవలెను. ఆవిరి పొంగిన తరువాత సూది హఠాత్తుగా క్రిందికి పడినచో రోగము కుదిరినదని భ్రమపడరాదు. వేడిని కొలుచు పరికరము చుట్టు నీరు లేక అట్లు చూపుచుండవచ్చును. అరగంటకు తక్కువ గాకుండ వేచి, పై గొట్టము చేతికి చల్లగా తగిలిన తరువాతనే, దళసరి గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, మూతను కొద్దికొద్దిగా విప్పవలెను. ఆవిరి పోకముందు కుక్కరు మూత లాగిన ఏమగునో ప్రతి ఇంటను తెలిసినదే. ఇచ్చట నీరు ఎక్కువ, కాలు దేహము కూడ ఎక్కువ. కాగిన ఇంజనుపై చన్నీరు క్రుమ్మరింపరాదు. హెడ్డు పగులవచ్చును.

ఇప్పుడు క్రమము మరల చెప్పుకొందము. మొదట నోటుపుస్తకము. పిదప టైర్ల గాలి, బరువు, బ్రేకులు. పిదప గాలి ఫిల్టరు, టర్బో గొట్టము, రేడియేటరు ముఖము. పిదప కూలెంటు, మూత, బెల్టు, ఫ్యాను. పిదప థర్మోస్టాటు. అటుపిమ్మట రేడియేటరు లోపలి భాగము, నీటి పంపు. ఇవి అన్నియు సరిగా నున్నవని తేలిన తరువాతనే ఇంజెక్టర్లు, పంపు సమయము, హెడ్డు. ఈ వరుసలో ముందున్నవి ఇంటి ముంగిట చూచుకొనదగినవి, వెనుకనున్నవి నెల కిస్తీని మ్రింగునవి. వరుస తప్పించి వెనుకనుండి మొదలిడుటచేతనే అనేకులు నష్టపోవుచున్నారు. వేసవి రాకముందే ఒక ఆదివారము ఉదయము ఈ పరీక్షకు కేటాయించిన యజమాని బండి, మే నెల మధ్యాహ్నము ఫ్లైఓవరు నడుమ ఆగి, వెనుక నున్న వందలాది జనుల సమయమును, తన ఇంటి ఆ దినపు సంపాదనను ఆవిరి చేయదు.